దేశ డొమైన్ పేర్ల నమోదు నియమాలు: .ఇన్, .భారత్

అంతర్జాలంలో ప్రతి దేశానికీ, ప్రత్యేక పాలన ఉన్న కొన్ని ప్రాంతాలకూ విడివిడిగా కేటాయించిన చివరి గుర్తును దేశ సంకేత అగ్రస్థాయి డొమైన్ అంటారు. భారతదేశానికి .ఇన్, బ్రిటన్‌కు .యూకే, జపాన్‌కు .జేపీ ఇటువంటివే. ఆ గుర్తు కింద పేరు ఎవరు తీసుకోవచ్చు, ఎటువంటి పేరు తీసుకోకూడదు, ఎంతకాలం ఉంచుకోవచ్చు, ఒకే పేరును ఇద్దరు కోరితే ఎవరి మాట చెల్లుతుంది అనే ప్రశ్నలకు ఆయా దేశాలు ఇచ్చుకున్న సమాధానాలే నమోదు నియమాలు. దేశానికొక తీరుగా కనిపించే ఈ నియమాలన్నిటి వెనుకా ఉన్న అసలు ప్రశ్న ఒక్కటే: అడిగినవారి అర్హతను పేరు ఇవ్వకముందే పరీక్షించాలా, లేక అడిగిన వెంటనే ఇచ్చి, తగాదా వచ్చినప్పుడు విచారించాలా? భారతదేశం గత మూడున్నర దశాబ్దాలలో ఈ రెండు మార్గాలలోనూ నడిచింది కనుక, ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి .ఇన్ చరిత్ర మంచి ఆధారం.

కంప్యూటర్లు ఒకదానినొకటి అంకెల చిరునామాలతో గుర్తిస్తాయి. మనుషులు అంకెలను గుర్తుపెట్టుకోలేరు కనుక, పేరు చెబితే అంకెను వెతికి ఇచ్చే డొమైన్ పేర్ల వ్యవస్థను పాల్ మోకాపెట్రిస్ 1983లో రూపొందించాడు. ఈ వ్యవస్థలో పేరును కుడినుంచి ఎడమకు చదువుకోవాలి. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం వాడే యూవోహెచ్‌వైడీ.ఏసీ.ఇన్ అనే పేరులో చివరనున్న ఇన్ దేశాన్ని, దానికి ముందున్న ఏసీ విద్యారంగాన్ని, మొదటి భాగం ఆ సంస్థను సూచిస్తాయి. ఉత్తరం మీద రాసే చిరునామాలో ఇంటి నంబరు ముందు, జిల్లా చివర వచ్చినట్లే ఇక్కడా చిన్నది ముందు, పెద్దది చివర వస్తుంది. ప్రతి చుక్క దగ్గరా అధికారం చేతులు మారుతుంది: చుక్కకు కుడివైపున ఉన్నవారు అనుమతి ఇస్తేనే ఎడమవైపు పేరు పుడుతుంది. నమోదు నియమాలన్నీ ఈ చుక్కల దగ్గర కాపలా కాసే నియమాలే.

ఈ వ్యవహారంలో మూడు పాత్రలు ఉంటాయి. ఒక అగ్రస్థాయి డొమైన్‌కు చెందిన పేర్లన్నిటినీ ఒకే మూల చిట్టాలో భద్రపరిచే సంస్థ రిజిస్ట్రీ. ఆ సంస్థ గుర్తింపు పొంది, ప్రజల నుంచి రుసుము తీసుకుని చిట్టాలో పేరు ఎక్కించే వ్యాపార సంస్థ రిజిస్ట్రార్. పేరు పుచ్చుకున్న వ్యక్తి లేదా సంస్థ నమోదుదారు. సామాన్య వ్యవహారంలో డొమైన్ కొన్నామని అంటారు గాని, జరిగేది కొనుగోలు కాదు. నమోదుదారుకు దక్కేది గడువు ఉన్నంతవరకు ఆ పేరును వాడుకునే హక్కు మాత్రమే కాబట్టి, దానిని భూమి పట్టాతో కంటె కౌలుతో పోల్చడం సబబు.

ఏ ప్రాంతానికి ఏ రెండక్షరాలు ఇవ్వాలన్నది అంతర్జాలాన్ని నిర్వహించేవారు తేల్చే విషయం కాదు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్‌ఓ 3166 జాబితాలోని సంకేతాలనే వాడాలన్న పద్ధతిని, అప్పట్లో డొమైన్ కేటాయింపులు చూసిన జాన్ పోస్టెల్ 1994 మార్చిలో వెలువరించిన ఆర్‌ఎఫ్‌సీ 1591 అనే పత్రం వివరించింది. ఏది దేశమో ఏది కాదో తేల్చే పని తమది కాదని ఆ పత్రం స్పష్టంగా చెప్పి, ఎన్నో రాజకీయ వివాదాలను ముందుగానే తప్పించింది. దేశ డొమైన్‌ను నిర్వహించేవారు ఆ దేశ ప్రజలకూ ప్రపంచ అంతర్జాల సమాజానికీ ధర్మకర్తలు మాత్రమే, యజమానులు కారు అన్న సూత్రాన్ని కూడా అదే స్థిరపరిచింది. లోపల ఏ నియమాలు పెట్టుకోవాలన్నది మాత్రం ఆ దేశానికే వదిలివేసింది. అందుకే నియమాలలో ఇంత వైవిధ్యం ఏర్పడింది.

భారతదేశానికి .ఇన్ 1989 మే 8న దక్కింది. మొదట్లో దాని నమోదును ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ సాంకేతిక కేంద్రం చూసేది. ఇది తరువాత సీ-డాక్ సంస్థలో విలీనమైంది. ఆ రోజుల్లో నేరుగా .ఇన్ ముందు పేరు పెట్టుకునే వీలు లేదు. కో.ఇన్, ఏసీ.ఇన్ వంటి ఉపవిభాగాల కిందనే, భారతదేశంలో ఉన్నట్టు పత్రాలు చూపిన సంస్థలకే పేరు ఇచ్చేవారు. దరఖాస్తును మనిషి చదివి, పత్రాలు సరిచూసి నిర్ణయించేవాడు. ఈ జాగ్రత్త వల్ల మోసపు పేర్లు చాలావరకు రాలేదు. అయితే 2005 నాటికి దేశం మొత్తం మీద నమోదైన పేర్లు ఏడు వేల దగ్గరే ఆగిపోయాయి. నూరు కోట్లు దాటిన జనాభాకు ఏడు వేల పేర్లంటే ఆ తలుపు దాదాపు మూసి ఉన్నట్లే. భారతీయ వ్యాపారులు, రచయితలు, సంఘాలు ఏ పత్రమూ అడగని .కామ్ వైపు వెళ్లిపోయారు.

ఈ పరిస్థితిని మార్చడానికి ప్రభుత్వం .ఇన్ రిజిస్ట్రీ బాధ్యతను నిక్సీకి అప్పగించింది. నిక్సీ అంటే 2003లో లాభాపేక్ష లేని కంపెనీగా ఏర్పడిన భారత జాతీయ అంతర్జాల ఎక్స్‌ఛేంజి. 2005 జనవరిలో ట్రేడ్‌మార్కు ఉన్నవారికీ, అప్పటికే .ఇన్ కింద పేర్లున్నవారికీ మొదటి అవకాశం ఇచ్చే ముందస్తు దశ నడిచింది. ఆ తరువాత ఫిబ్రవరి 16 నుంచి ఎవరైనా, ప్రపంచంలో ఎక్కడున్నా, ముందు అడిగినవారికి ముందు అన్న పద్ధతిపై నేరుగా .ఇన్ పేరు తీసుకునే వీలు కలిగింది. నివాసం గురించి గాని పౌరసత్వం గురించి గాని షరతు పెట్టలేదు. 2010 నాటికి పేర్ల సంఖ్య ఆరు లక్షలు దాటింది, ఇప్పుడు నలభై లక్షలకు పైబడింది. ఇన్ అనేది ఇంగ్లీషులో లోపల అనే అర్థమున్న మాట కూడా కావడంతో, భారతదేశంతో సంబంధం లేని సంస్థలు సైతం దానిని కోరుకున్నాయి. లింక్డ్‌ఇన్ సంస్థ తన పొట్టి లింకులకు వాడే ఎల్‌ఎన్‌కేడీ.ఇన్ దీనికి ఉదాహరణ.

తలుపు తెరిచినా కొన్ని గదులకు తాళం అలాగే ఉంచారు. కో.ఇన్, నెట్.ఇన్, ఆర్గ్.ఇన్, జెన్.ఇన్, ఫర్మ్.ఇన్, ఇండ్.ఇన్ విభాగాలలో ఎవరైనా పేరు తీసుకోవచ్చు. ఏసీ.ఇన్, ఈడీయూ.ఇన్, ఆర్‌ఈఎస్.ఇన్ విభాగాలు విద్యా పరిశోధన సంస్థలకే పరిమితం, వాటికి ఎర్నెట్ ఇండియా రిజిస్ట్రార్. గవ్.ఇన్ కింద పేర్లు కేంద్ర రాష్ట్ర ప్రభుత్వాల శాఖలకే దక్కుతాయి, వాటిని జాతీయ సమాచార కేంద్రం ఇస్తుంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వపు ఏపీ.గవ్.ఇన్, తెలంగాణ ప్రభుత్వపు తెలంగాణ.గవ్.ఇన్ ఈ కోవలోవే. మిల్.ఇన్ సైన్యానిది. ప్రవేశ పరీక్షకో, పింఛనుకో దరఖాస్తు చేసేవారు చివరన గవ్.ఇన్ ఉందా అని చూసుకోవాలని పెద్దలు పిల్లలకు చెబుతున్నారంటే, ఆ తాళం ఎంత విలువైనదో తెలుస్తుంది. ఆ విభాగంపై నమ్మకం పుట్టింది ప్రచారం వల్ల కాదు, అర్హత లేనివారికి పేరు దక్కకపోవడం వల్ల.

ఇతర దేశాలు ఈ తలుపును వేర్వేరు మేరకు తెరిచాయి. జపాన్‌లో .జేపీ పేరుకు ఆ దేశంలో తపాలా చిరునామా ఉండాలి. కో.జేపీ అయితే అక్కడ నమోదైన కంపెనీకి ఒక్కటే పేరు ఇస్తారు. కెనడా, ఆస్ట్రేలియా తమ దేశంతో నిలకడైన సంబంధాన్ని అడుగుతాయి. చైనా 2009 డిసెంబరులో వ్యక్తులకు .సీఎన్ పేర్లు ఇవ్వడం ఆపివేసి, 2012లో మళ్లీ అనుమతించింది. పసిఫిక్ మహాసముద్రంలోని చిన్న ద్వీపదేశం తువాలు తనకు దక్కిన .టీవీ అక్షరాలను ప్రపంచానికంతటికీ తెరిచి, దాని మీద వచ్చే లైసెన్సు రాబడిని దేశాదాయంలో ముఖ్యమైన పద్దుగా చేసుకుంది. అర్హత నియమం ఎంత కఠినంగా పనిచేయగలదో బ్రిటన్ అనుభవం చూపింది. ఐరోపా సమాఖ్య గుర్తయిన .ఈయూ సమాఖ్య నివాసులకూ, 2019 అక్టోబరు నుంచి ఎక్కడున్నా సమాఖ్య పౌరులకూ దక్కుతుంది. బ్రిటన్ సమాఖ్య నుంచి వైదొలగడంతో అక్కడివారు ఆ అర్హతను కోల్పోయారు, 2021 జనవరి 1న వారి .ఈయూ పేర్లు వేల సంఖ్యలో నిలిచిపోయాయి. ఏళ్ల తరబడి ఉత్తర ప్రత్యుత్తరాలు నడిపిన చిరునామాలు, వాటిని వాడేవారి తప్పేమీ లేకుండానే, ఒక్క రాత్రిలో మూగబోయాయి.

ముందు పరీక్ష లేని చోట తరువాతి విచారణ గట్టిగా ఉండాలి. ఇతరుల ప్రసిద్ధ పేరును ముందుగా నమోదు చేసుకుని, అసలువారికి అధిక ధరకు అమ్మజూపడాన్ని గాని, ఆ పేరుతో వినియోగదారులను మోసగించడాన్ని గాని సైబర్ స్క్వాటింగ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే పేరు కబ్జా. భారతదేశంలో డొమైన్ పేర్లకు ప్రత్యేక చట్టం లేకపోయినా, న్యాయస్థానాలు ట్రేడ్‌మార్కు సూత్రాలను వాటికి వర్తింపజేశాయి. ఢిల్లీ హైకోర్టు 1999లో యాహూ కేసులో ఈ దారి వేసింది. దానిని స్థిరపరిచింది మాత్రం తెలుగువారికి పరిచయమున్న పేరుతో వచ్చిన కేసే. హైదరాబాద్‌కు చెందిన సత్యం కంప్యూటర్స్ అనుబంధ సంస్థ సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలను కలిపి సిఫీ అనే కొత్త మాటను కల్పించుకుని, సిఫీనెట్ వంటి డొమైన్ పేర్లు తీసుకుంది. మరొక సంస్థ ఒక అక్షరం మాత్రమే అదనంగా చేర్చి ఇంచుమించు అదే ఉచ్చారణతో పేర్లు నమోదు చేసుకోగా, కింది కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది, కర్ణాటక హైకోర్టు దానిని తోసిపుచ్చింది. చివరకు సుప్రీంకోర్టు 2004 మేలో సత్యం ఇన్ఫోవే పక్షాన తీర్పు చెప్పింది. డొమైన్ పేరు ఇప్పుడు కేవలం చిరునామా కాదని, వ్యాపారాన్ని గుర్తుపట్టించే చిహ్నమని, ఒకరి సరుకును మరొకరి సరుకుగా చలామణి చేయడాన్ని అడ్డుకునే న్యాయసూత్రం దానికీ వర్తిస్తుందని ఆ తీర్పు నిర్ధారించింది.

కోర్టు దారి పొడవైనది. అందుకని నిక్సీ 2005 జూన్‌లో .ఇన్ వివాద పరిష్కార విధానాన్ని తెచ్చింది. .ఇన్ పేరు తీసుకున్న ప్రతి ఒక్కరూ ఈ విధానానికి ముందే ఒప్పుకున్నట్లు లెక్క. ఫిర్యాదుదారు మూడు విషయాలు రుజువు చేయాలి: ఆ పేరు తన పేరుతో గాని ట్రేడ్‌మార్కుతో గాని ఒకటిగానో, పొరబడేంత దగ్గరగానో ఉండడం, నమోదుదారుకు దానిమీద న్యాయమైన హక్కు లేకపోవడం, పేరును దురుద్దేశంతో నమోదు చేయడం లేదా దురుద్దేశంతో వాడుతుండడం. చివరి అంశంలోని లేదా అనే మాట చిన్నదైనా బరువైనది. .కామ్ వంటి వాటికి 1999 నుంచి వర్తిస్తున్న అంతర్జాతీయ విధానంలో నమోదు, వాడకం రెండూ దురుద్దేశంతోనే జరిగాయని చూపాలి. ఇక్కడ రెండింటిలో ఒకటి చూపితే చాలు. కాబట్టి పేరు తీసుకుని వాడకుండా దాచి ఉంచినవాడు కూడా తప్పించుకోలేడు. నిక్సీ నియమించిన ఏకైక మధ్యవర్తి 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం ప్రకారం విచారించి, సాధారణంగా అరవై రోజుల్లో తేల్చి, పేరును రద్దు చేయవచ్చు, లేదా ఫిర్యాదుదారుకు బదిలీ చేయవచ్చు. తరువాతి విచారణ ఫలించాలంటే నమోదుదారు ఎవరో తెలియాలి. అందుకే అసలు వివరాలను మరుగుపరిచే బినామీ నమోదు సేవలను .ఇన్ కింద అనుమతించరు.

ఇంతవరకు చెప్పిన పేర్లన్నీ రోమన్ అక్షరాలలో రాసేవే. డొమైన్ పేర్ల వ్యవస్థ మొదట ఎరిగినది 26 రోమన్ అక్షరాలు, పది అంకెలు, ఒక అడ్డగీత మాత్రమే. చుక్కకూ చుక్కకూ మధ్య 63కు మించి అక్షరాలు ఉండరాదు, అడ్డగీత మొదట గాని చివర గాని రాకూడదు. ఇతర లిపులకు చోటు కల్పించడానికి, ఏ లిపి పేరునైనా ఈ 37 గుర్తులలోకి మార్చే ప్యూనికోడ్ అనే పద్ధతిని రూపొందించారు. ఆ పద్ధతిని ఆధారం చేసుకుని భారతదేశానికి 2011లో ఏడు లిపుల్లో దేశ డొమైన్లు దక్కాయి, వాటిలో తెలుగు .భారత్ ఒకటి. దేవనాగరి రూపాన్ని 2014 ఆగస్టులో ప్రజలకు తెరిచారు. రాజ్యాంగం గుర్తించిన 22 భాషలకూ సరిపోయేలా ఇటువంటి రూపాలు మొత్తం పదిహేను ఉన్నాయి. తెరమీద .భారత్ అని కనిపించే గుర్తు యంత్రాల మధ్య ఎక్స్‌ఎన్--ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అనే రూపంలో ప్రయాణిస్తుంది. కన్నడ, బెంగాలీ, గుజరాతీ రూపాలలో చివరి తకారానికి పొల్లు లేదు, తెలుగులో మాత్రం పొల్లు ఉంది. తకారాన్ని పొల్లు లేకుండా రాస్తే తెలుగు పాఠకుడు దానిని అజంతంగానే పలుకుతాడు కనుక ఇది అవసరమైంది.

తెలుగులో పేరు నమోదు చేయాలంటే అర్హత పత్రాల కంటె ముందు అక్షరాలకే పరీక్ష ఉంటుంది. గుణింతపు గుర్తుతో గాని పొల్లుతో గాని పేరు మొదలు కారాదు, ఎందుకంటే ఆ గుర్తు ఆనుకోవడానికి ముందొక హల్లు కావాలి. ఇంతకంటె చిక్కైనది చూపుకు ఒకటిగా ఉండి, యంత్రానికి వేర్వేరుగా తోచే గుర్తుల సంగతి. తెలుగు సున్న, అంటే అనుస్వారం, తెలుగు అంకెలలోని సున్నతోనూ, రోమన్ ఓ అక్షరంతోనూ దాదాపు ఒకే ఆకారంలో ఉంటుంది. తెలుగు రకారం, లకారం కన్నడ అక్షరాలకు కవలల వంటివి. శాసనాల కాలంలో ఒకే లిపిగా ఉన్న తెలుగు కన్నడాల చుట్టరికం ఇక్కడ భద్రతా సమస్యగా మారింది: ఒక తెలుగు పేరును కన్నడ అక్షరాలతో రాసి నమోదు చేస్తే చదువరి ఇట్టే మోసపోవచ్చు. అందుకే డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచస్థాయిలో సమన్వయం చేసే ఐకాన్ సంస్థ ఆధ్వర్యంలో బ్రాహ్మీ సంతతి లిపులపై పనిచేసిన నిపుణుల బృందం, అంతర్జాల మూలస్థాయి (అంటే అగ్రస్థాయి) పేర్ల కోసం తెలుగు కన్నడాల మధ్య పోలిక గల అక్షరాలను రూపభేదాలుగా గుర్తించింది. ఒక రూపం ఒకరికి దక్కితే దానిని పోలిన మరొక రూపం ఇంకొకరికి దక్కదు.

మరొక చిక్కు మనం రోజూ రాసే మాటలలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ అని రాసేటప్పుడు టకారపు పొల్లుకూ వకారానికీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తును టైపు చేస్తాము. అది లేకపోతే వకారం వత్తుగా మారి సాఫ్ట్వేర్ అవుతుంది. మూలస్థాయి పేర్లలో ఈ కనిపించని గుర్తుకు అనుమతి లేదు. కింది స్థాయిలో 2008 నాటి ప్రమాణాలు పొల్లు తరువాత దానిని ఒప్పుకుంటాయి గాని, పాత పద్ధతిని పాటించే సాఫ్ట్‌వేర్ దానిని తొలగించివేసేది కనుక, ఒకే పేరు టైపు చేసిన ఇద్దరు రెండు వేర్వేరు చోట్లకు చేరే ప్రమాదం ఉండేది. అన్యదేశ్య పదాలు విరివిగా ఉన్న తెలుగుకు ఇది చిన్న సంగతి కాదు. లిపి నియమాలను భాష తెలిసినవారు కూర్చుని రాయకపోతే, ఆ భాషలో పేరు పెట్టుకునే హక్కు కాగితం మీదనే మిగులుతుంది.

తెరిచిన తలుపును తిరిగి కొంత మూయడం ఇటీవలి పరిణామం. ఖాతా నిలిచిపోతుందని భయపెడుతూ ఫోనుకు వచ్చే సందేశంలో బ్యాంకు పేరు, అడ్డగీత, కేవైసీ, చివర .ఇన్ అని ఉంటే, నియమాల ప్రకారం ఆ పేరును ఎవరైనా తీసుకుని ఉండవచ్చు. చదువరి కన్ను ఎడమవైపున్న బ్యాంకు పేరు మీద నిలుస్తుంది, అధికారం మాత్రం కుడివైపు ఉంటుంది. మోసగాడు బతికేది ఈ తేడా మీదనే. సొమ్ము పోయాక మధ్యవర్తి తీర్పు వచ్చినా ఉపయోగం ఉండదు. ఈ కారణంగా భారతీయ రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో బ్యాంకులకు బ్యాంక్.ఇన్ అనే ప్రత్యేక విభాగాన్ని, బ్యాంకులు కాని ఆర్థిక సంస్థలకు ఫిన్.ఇన్ విభాగాన్ని ప్రకటించింది. ఏప్రిల్ 22న ఇచ్చిన ఉత్తర్వులో వాణిజ్య బ్యాంకులతో పాటు పట్టణ, రాష్ట్ర, జిల్లా సహకార బ్యాంకులు కూడా అక్టోబరు 31 లోగా కొత్త పేర్లకు మారాలని ఆదేశించింది. ఈ విభాగాలకు ఏకైక రిజిస్ట్రార్ హైదరాబాద్‌లో 1996లో రిజర్వు బ్యాంకు నెలకొల్పిన బ్యాంకింగ్ సాంకేతిక పరిజ్ఞాన అభివృద్ధి పరిశోధన సంస్థ, ఐడీఆర్‌బీటీ. రైతు పంట రుణం తీసుకునే జిల్లా సహకార కేంద్ర బ్యాంకుకూ, మహానగరంలోని పెద్ద బ్యాంకుకూ చిరునామా చివర ఒకే ముద్ర ఉండడం ఈ నియమంలోని మేలైన అంశం.

పేరు దక్కిన తరువాతి నియమాలను నమోదుదారులు ఎక్కువగా పట్టించుకోరు, నష్టపోయేదీ ఎక్కువగా అక్కడే. .ఇన్ పేరును ఒక సంవత్సరం నుంచి పది సంవత్సరాల వరకు తీసుకోవచ్చు. చిట్టాలో నమోదుదారు, పరిపాలన బాధ్యుడు, సాంకేతిక బాధ్యుడు, చెల్లింపుల బాధ్యుడు అని వేర్వేరు గడులు ఉంటాయి. హక్కు మొదటి గడిలో ఉన్నవారిదే. చిన్న దుకాణాలు, పాఠశాలలు, సాహిత్య సంఘాలు వెబ్‌సైటు తయారు చేసే వ్యక్తికి డబ్బిచ్చి పని అప్పగించినప్పుడు, అతడు ఆ గడిలో తన పేరే రాసుకోవడం తరచుగా జరుగుతుంది. అతడు ఊరు మారినా, పని మానేసినా, అసలు సంస్థకు తన పేరు మీద తనకు హక్కుందని చూపడానికి ఆధారం దొరకదు. గడువు తేదీని గుర్తుచేసే ఈ-మెయిల్ కూడా అతడికే వెళుతుంది.

గడువు తీరిన పేరు వెంటనే ఇతరుల పాలు కాదు. మొదట మామూలు రుసుముతో కొనసాగించుకునే వెసులుబాటు గరిష్ఠంగా 45 రోజులు ఉంటుంది, అందులో ఎన్ని రోజులు ఇవ్వాలన్నది రిజిస్ట్రార్‌ను బట్టి మారుతుంది. తొలగింపు మొదలయ్యాక మరో 30 రోజులు అదనపు రుసుముతో విడిపించుకునే అవకాశం ఉంటుంది. ఆ దశలో పేరు పనిచేయదు, వెబ్‌సైటు తెరుచుకోదు, దానికి పంపిన ఉత్తరాలు తిరిగి వస్తాయి. తరువాతి ఐదు రోజులు ఎవరూ దానిని ముట్టుకోలేరు. ఐదో రోజు దాటాక పేరు చిట్టాలోంచి తొలగి, ముందు అడిగినవారికి ముందు అన్న వరుసలోకి తిరిగి చేరుతుంది. ట్రేడ్‌మార్కు వంటి వేరే ఆధారం లేని పక్షంలో, పదేళ్లు ఆ పేరుతో బతికిన సంస్థకూ, ఆ ఉదయమే దానిని మొదటిసారి చూసిన అపరిచితుడికీ అప్పటినుంచి దాని మీద ఉన్న హక్కు సమానం.